ఈ ఫ్రెంచ్ నగిషీ ఫర్నిచర్ నిజంగా 19వ శతాబ్దానిదేనా? మీరే పరీక్షించుకునే పద్ధతి

ద్రాక్షగుత్తులు, సింహం తలలు, వేటకుక్కలు చెక్కిన పెద్ద బీరువా. దాని ఫొటో ఒకటి చూపించి "ఇది నిజంగా ఫ్రాన్స్‌లో చేసిందేనా, చెప్పినంత పాతదేనా?" అని అడిగేవారు చాలామంది. లండన్‌లోనో న్యూజెర్సీలోనో వేలంలో చూసినవారు కొందరు. ప్యారిస్ పక్కన సాంతువాన్ పాత సామాన్ల సంతలో చూసి మనసు పడ్డవారు కొందరు. హైదరాబాద్‌లో పాత బంగళా ఖాళీ చేస్తుంటే కంటబడిందని అడిగేవారు ఇంకొందరు.

ముందువైపు తీసిన ఒక్క ఫొటోతో ఈ ప్రశ్నకు జవాబు దొరకదు. ముందువైపు నేటి పనివారు కూడా అద్భుతంగా చెక్కగలరు. జావా ద్వీపంలోని జెపారాలో, ఈజిప్టులోని డామియెట్టాలో ఇప్పటికీ ఫ్రెంచ్ రాజులు లూయీల కాలపు శైలి కుర్చీలు, బీరువాలు తయారవుతున్నాయి. మన సహారన్‌పూర్ నగిషీ సంగతి చెప్పనక్కర్లేదు. వస్తువు వయసు తెలిసేది వెనక పలకలో, సొరుగు అడుగున, కుర్చీ సీటు కింద. అందుకే ఈ పద్ధతిలో నగిషీ దగ్గరికి సగం దారిలో గానీ రాము, తయారీదారు ముద్రను చివర్లో గానీ చూడము. ఈ వరుసను దయచేసి మార్చకండి. ముద్ర ముందు చూసినవారికి మిగతా సాక్ష్యాలన్నీ దానికి తగ్గట్టే కనిపిస్తాయి.

మొదలుపెట్టేముందు

మూడు విషయాలు తెలిస్తే చాలు.

ఒకటి: 19వ శతాబ్దపు ఫ్రెంచ్ పనివారు తమ ముందటి కాలాల శైలులన్నిటినీ మళ్లీ చేశారు. గోతిక్, రెండవ హెన్రీ కాలపు పునరుజ్జీవన శైలి, పదిహేనవ లూయీ వంపులు, పదహారవ లూయీ నిటారు గీతలు, శతాబ్దం చివర్లో జపాన్ మోజు. ఇవన్నీ ప్యారిస్ తూర్పున ఫోబూర్ సాంత్ ఆంత్వాన్ పేటలో పక్కపక్కనే తయారయ్యాయి. కాబట్టి శైలిని బట్టి వయసు చెప్పలేం.

రెండు: ఒక బీరువా ఒక్కరి చేతిపని కాదు. చట్రం కట్టేవారు వేరు, నగిషీ చెక్కేవారు వేరు, బంగారు రేకు అద్దేవారు వేరు. ముద్ర మీద ఉండేది సాధారణంగా కార్ఖానా పేరు. ఉలి పట్టిన మనిషి పేరు చాలాసార్లు ఎక్కడా ఉండదు.

మూడు: 1851లో లండన్ మహాప్రదర్శనలో ప్యారిస్ ఫర్నిచర్ తయారీదారు ఆలెగ్జాండర్ జార్జ్ ఫూర్దినువా వాల్‌నట్ చెక్కతో చేసిన ఒక భోజనశాల బీరువాను పెట్టాడు. దాని మీద వేటకుక్కలు, నాలుగు ఖండాల ఆహారాలకు గుర్తుగా బొమ్మలు. దానికి పెద్ద పతకం వచ్చింది. ఆ తర్వాత యూరప్, అమెరికాల్లో వేటజంతువులు, చేపలు, పళ్లు చెక్కిన భోజనశాల బీరువాలకు విపరీతమైన గిరాకీ పుట్టింది. ఇప్పుడు మీ కంటబడే వాటిలో చాలా భాగం ఆ గిరాకీ కోసం చేసినవే. వాటిలో గొప్పవీ ఉన్నాయి, గంపగుత్తగా చేసినవీ ఉన్నాయి.

కావలసినవి

మంచి టార్చిలైటు, పది రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దం, మిల్లీమీటర్లు ఉన్న కొలతటేపు, చిన్న అద్దం, ఫోను కెమెరా. మెత్తని పెన్సిలు, పలచని కాగితం. శుభ్రమైన నూలు చేతిగుడ్డలు. దొరికితే అతినీలలోహిత కాంతినిచ్చే చిన్న టార్చి. కరెన్సీ నోట్లను పరీక్షించేది చాలు. దూదిపుల్లలు, కాస్త ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కూడా తీసుకోండి గానీ, వస్తువు మీ సొంతమైతేనే వాటిని వాడాలి. అమ్మకానికి ఉన్నదాని మీద, యజమాని అనుమతి లేకుండా ఒక్క చుక్క కూడా వేయకండి.

తోడుగా ఒక మనిషి తప్పనిసరి. రెండు అంతస్తుల బీరువాను ఒక్కరే జరపబోతే మీకూ ప్రమాదం, దానికీ ప్రమాదం.

1. కదిలించకముందే ఫొటోలు తీయండి

నాలుగు వైపులా, పైన, ప్రతి సొరుగూ తీసి, తలుపులు తెరిచి ఫొటోలు తీయండి. ఎత్తు, వెడల్పు, లోతు రాసుకోండి. తర్వాతే వస్తువును గోడ నుంచి జరపండి. జరిపేటప్పుడు నగిషీ పట్టుకుని లాగకండి. ఆకులు, పక్షి ముక్కులు, వేళ్లు విరిగేది ఇలాగే. కింది చట్రం పట్టుకుని ఎత్తాలి.

పైన చలువరాయి ఉంటే ముందు దాన్ని తీయాలి. పలకను పడుకోబెట్టి మోస్తే తన బరువుకు తనే నడుమ విరుగుతుంది. అంచు మీద నిలబెట్టి ఇద్దరూ మోయండి.

2. వెనక, అడుగు, లోపల: రంపం గీతలు చదవండి

టార్చిని చెక్కకు దాదాపు ఆనించి పక్కనుంచి వెలుగు పడేలా పట్టుకోండి. కంటికి కనబడని గీతలు లేచి నిలబడతాయి. చిత్రిక పట్టని, పాలిష్ తగలని చోట్లే వెతకాలి: వెనక పలకలు, సొరుగుల అడుగు, పైకప్పు లోపలివైపు.

గీతలు తిన్నగా ఉండి, ఎడం ఒకేలా లేకపోతే చేతిరంపం. పెద్ద వృత్తంలో ముక్కలాగా వంకర గీతలుంటే గుండ్రటి యంత్ర రంపం. ఇది శతాబ్దం నడిమి నుంచి మామూలైంది. తిన్నగా, ఒకే ఎడంతో, సన్నగా వరుసగా ఉంటే పట్టీ రంపం. పట్టీ రంపాన్ని పనికి వచ్చేలా చేసినవాడు ప్యారిస్‌కు చెందిన పెరాన్. 1850ల నుంచి అది కార్ఖానాల్లోకి వచ్చింది. కాబట్టి "1820 నాటిది" అని చెప్పిన కుర్చీ అసలు చట్రం మీద పట్టీ రంపం గీతలు కనబడితే ఆ మాట నిలవదు. అయితే 1870 నాటి బీరువాలో యంత్ర గీతలుండటం తప్పు కాదు. "యంత్రం తగిలింది, కాబట్టి నకిలీ" అనుకుని మంచి వస్తువును వదులుకున్నవారున్నారు.

వెనక పలక ప్లైవుడ్ అయితే రెండే దారులు: వస్తువు 20వ శతాబ్దానిది, లేదా పలక తర్వాత మార్చారు. మంచి ఫ్రెంచ్ పనిలో వెనక కూడా చట్రంలో బిగించిన పలకలే ఉంటాయి. గోడవైపు ఉండే భాగం మీద అంత శ్రద్ధ పెట్టడం ఆ పనివారి గుణం. చాలా చౌక అనుకరణలు అక్కడే దొరికిపోతాయి.

లోపలివైపు చెక్కకు రంగు పూసి ఉందా చూడండి. పాత చెక్క దానంతటదే పొడిగా, గోధుమ బూడిద రంగుకు మారుతుంది. ఎవరూ చూడని చోట ముదురు రంగు పూశారంటే పాతదనం నటింపజేయడానికే అయి ఉండవచ్చు. సొరుగు తీసి వాసన చూడండి. కొత్త రంగు, కొత్త జిగురు వాసన చాలాకాలం పోదు.

3. మేకులు, స్క్రూలు, అతుకులు

నక్షత్రం గాడి ఉన్న స్క్రూ 1930లకు ముందుది కాదు. ఒక్క స్క్రూ అలా ఉంటే మరమ్మతు. అన్నీ అలాగే ఉండి, చుట్టూ పాత రంధ్రాలు లేకపోతే వస్తువే కొత్తది. ఒకే గాడి ఉన్న స్క్రూను, యజమాని ఒప్పుకుంటే, ఒకటి విప్పి కొస చూడండి. కొస మొద్దుగా ఉంటే సుమారు 1850కి ముందుది కావచ్చు. మొన తేలి ఉంటే ఆ తర్వాతిది. తుప్పుపట్టిన స్క్రూను బలవంతంగా తిప్పవద్దు, చెక్క పగులుతుంది.

గుండ్రని తీగ మేకులను చూసి భయపడనక్కర్లేదు. వాటికి ఫ్రాన్స్‌లో 'ప్యారిస్ మేకులు' అని పేరు. 19వ శతాబ్దంలోనే అక్కడ విరివిగా వాడారు.

సొరుగు పక్కలను ముందుపలకతో కలిపే డవ్‌టెయిల్ అతుకును, అంటే పావురం తోకలా విప్పారిన పళ్లున్న అతుకును, భూతద్దంతో చూడండి. చేత్తో కోసినవైతే పళ్ల వెడల్పులో చిన్న తేడాలుంటాయి, కొలతకోసం గీసిన సన్నని గీత మిగిలి ఉంటుంది. అన్ని పళ్లూ, వాటి నడుమ ఖాళీలూ ఒకే కొలతలో ఉంటే యంత్రం పని. శతాబ్దం చివరి దశాబ్దాలకు, ఆ తర్వాతి కాలానికి అది సరిపోతుంది.

4. చెక్క ఏమిటో గుర్తించండి

పై చెక్క కన్నా లోపలి చెక్క ఎక్కువ నిజం చెబుతుంది. ఫ్రెంచ్ పనిలో లోపలి భాగాలకు ఓక్, పోప్లర్, పైన్ వాడేవారు. మొత్తం వస్తువు, సొరుగు అడుగుతో సహా, ఒకే మహాగని అయితే జెపారా పని అయ్యే అవకాశం ఎక్కువ. సొరుగులు టేకు అయితే మన దేశంలో చేసింది అయి ఉండవచ్చు.

పైన ఎక్కువగా కనిపించేవి ఇవి. వాల్‌నట్: గోధుమరంగు, నల్లని జీరలు, నగిషీకి అనువైనది. ఓక్: కోతను బట్టి వెండిలా మెరిసే చారలు కనిపిస్తాయి. మహాగని: ఎర్రటి గోధుమ. బంగారు రేకు అద్దిన కుర్చీల కింద తరచుగా బీచ్ చెక్క ఉంటుంది. మూడవ నెపోలియన్ కాలంలో, అంటే 1852 నుంచి 1870 వరకు, నల్ల ఫర్నిచర్ మీద మోజు ఎక్కువ. అందులో చాలా భాగం ఎబొనీ అనే ఖరీదైన నల్ల కలప కాదు, నల్లరంగు పట్టించిన పియర్ చెక్క. అరిగిన అంచుల దగ్గర గోధుమరంగు బయటపడితే అది పియర్ లాంటిదే. అమ్మేవారు ఎబొనీ ధర చెబుతుంటే ఆ అంచు చూపించి అడగండి.

వెనీర్, అంటే పైన అతికించిన పలచని చెక్కపొర, ఉంటే దాని మందం చూడండి. తలుపు అంచున, తాళం రంధ్రం దగ్గర, ఎక్కడైనా చిన్న పొర లేచిన చోట తెలుస్తుంది. చేతిరంపంతో కోసిన పొర మిల్లీమీటరు దాటి ఉంటుంది. 19వ శతాబ్దపు యంత్ర రంపం పొర సుమారు ఒక మిల్లీమీటరు. కాగితంలా పలచగా ఉంటే కత్తితో చీల్చిన తర్వాతి కాలపు పొర అని అనుమానించాలి.

ఇక్కడ మనకు దగ్గరి విషయం ఒకటి. పుదుచ్చేరిలో, ఫ్రెంచ్ పాలన సాగిన మిగతా చోట్ల, స్థానిక వడ్రంగులు టేకుతో, రోజ్‌వుడ్‌తో ఫ్రెంచ్ తరహా ఫర్నిచర్ చేశారు. అవి ప్యారిస్ పని అని అమ్మితే పొరపాటు. అయినా వాటికి వాటి గౌరవం ఉంది. మీ చేతిలో అలాంటిది ఉంటే నిరాశపడకండి, సరైన పేరుతో దాచుకోండి.

5. ఇప్పుడు నగిషీ

ఇక్కడ తొందరపడకండి. నాలుగు ప్రశ్నలకు జవాబు రాబట్టాలి.

*చెక్కిందా, అతికించిందా, పోతపోసిందా?* నగిషీలోని ఆకు మీద కనబడే చెక్క సహజ గీతలు దాని చుట్టూ ఉన్న నేపథ్యంలోకి కొనసాగుతున్నాయా చూడండి. కొనసాగితే ఒకే చెక్కలో చెక్కింది. ఆగిపోయి సన్నని జిగురు గీత కనిపిస్తే విడిగా చెక్కి అతికించింది. అతికించడం దోషం కాదు, ఆ కాలంలో మామూలే. అసలు గీతలే లేకుండా నున్నగా ఉండి, ఎక్కడైనా చెక్కు లేచిన చోట సుద్దలాంటి పదార్థం కనిపిస్తే అది పోత. 1855లో ప్యారిస్‌లో లపాజ్ పేటెంటు తీసుకున్న 'బ్వా ద్యూర్సి' అనే పదార్థం కూడా ఉంది. రంపపు పొట్టును కబేళా రక్తంతో కలిపి, వేడిమీద అచ్చులో నొక్కి చేసేవారు. నల్లగా, ఎబొనీలా మెరుస్తుంది, అంచులు చాలా పదునుగా వస్తాయి. గుండ్రటి పతకాల్లో మనుషుల ముఖాలుగా ఫర్నిచర్ మీద కనిపిస్తుంది. అది నకిలీ కాదు, ఆ కాలపు అసలు వస్తువే. చేతి నగిషీ అని మాత్రం అనుకోకండి.

ఒక్క మినహాయింపు గుర్తుంచుకోండి. ఫూర్దినువా కొడుకు హెన్రీ 1867 ప్యారిస్ ప్రదర్శనకు చేసిన బీరువాలో రంగురంగుల చెక్క బొమ్మలు పైన అతికించినవి కావు. నేపథ్యపు పలక మందమంతా కోసి, ఆ ఖాళీలో వేరే చెక్క బిగించి, దాన్ని ఉబ్బెత్తుగా చెక్కారు. దాన్ని లండన్ మ్యూజియం, నేటి విక్టోరియా అండ్ ఆల్బర్ట్, అప్పట్లోనే 2,750 పౌండ్లకు కొన్నది. అలాంటి పనిలో అంచు గీత కనిపిస్తుంది గానీ అది అతికింపు కాదు. పలక వెనకవైపు కూడా అదే ఆకారం కనిపిస్తే మీరు చాలా అరుదైన పని ముందు నిలబడి ఉన్నారు.

*చేతిదా, యంత్రానిదా?* సమజోడుగా ఉన్న రెండు ఆకులను, కుడి ఎడమ, ఎంచుకోండి. ఒకదాని మీద పలచని కాగితం పరిచి పెన్సిలుతో మెల్లగా రుద్ది అచ్చు తీయండి. కాగితాన్ని తిరగేసి, వెలుగుకు పట్టుకుని రెండో ఆకు అచ్చుతో పోల్చండి. బయటి అంచు సరిపోవడం సహజం, ఎందుకంటే నగిషీ పనివారు అట్టమీద గీసుకున్న నమూనా వాడేవారు. చూడాల్సింది లోపలి ఈనెలు. చేతిపనిలో ఈనెలు మొదలయ్యే చోటు, వాటి లోతు, మలుపు కొంచెం కొంచెం మారతాయి. లోపలి గీతలు కూడా పూర్తిగా కలిసిపోతే అచ్చో యంత్రమో. బంగారు రేకు ఉన్నదాని మీద, పొట్టు లేస్తున్నదాని మీద ఈ రుద్దుడు పనికిరాదు. రెండు వైపులా ఒకే దూరం నుంచి ఫొటోలు తీసి, ఒకదాన్ని తిరగేసి పోల్చుకోండి.

నేటి కంప్యూటర్ యంత్రాలతో చెక్కినదాన్ని గుర్తించడం తేలిక. ఆకు లోపలి మూలలన్నీ గుండ్రంగా ఉంటాయి, ఎందుకంటే తిరిగే ముల్లు పదునైన మూలలోకి దూరలేదు. లోతైన చోట్ల సమాన ఎడంతో సన్నని గట్లు వరుసగా కనిపిస్తాయి. ఉలి వేసిన కోత మూలలో ఒక పదునైన గీతతో ఆగుతుంది.

*ఎంత లోతుగా?* అద్దాన్ని ఆకుల కింద పెట్టి చూడండి. మంచి పనిలో ఆకు అంచు కింద చెక్క తొలిచి ఉంటుంది, అంచు నేపథ్యం నుంచి లేచి నిలుస్తుంది, నీడ పడుతుంది. గిరాకీ కోసం హడావిడిగా చేసినదానిలో ఆకు నేపథ్యానికి అంటుకుని ఉంటుంది. పనివారి స్థాయి తెలిసేది ఇక్కడే. మనుషుల చేతివేళ్లు, పక్షి కళ్లు, జంతువుల చెవుల లోపలిభాగం చూడండి. ఈ మూడు చోట్లా శ్రద్ధ ఉంటే మిగతా అంతటా ఉంటుంది.

*అంచులు పదునుగా ఉన్నాయా?* కొన్నింటిని తర్వాతి యజమానులు పాలిష్ తీసేయడానికి గరుకు కాగితంతో గీకి ఉంటారు. అప్పుడు ఈనెల అంచులు కరిగినట్టు మొద్దుబారతాయి. అది తిరిగిరాని నష్టం. వస్తువు అసలైనదే అయినా విలువ బాగా పడిపోతుంది.

కంటికి అలవాటు కావాలంటే మంచి పని ముందు నిలబడాలి. హైదరాబాద్‌లో ఉన్నవారు సాలార్‌జంగ్ మ్యూజియంలోని మెఫిస్టోఫిలిస్, మార్గరెటా జంట శిల్పం దగ్గర కాసేపు ఆగండి. 19వ శతాబ్దపు ఫ్రెంచ్ చెక్క శిల్పం, ఒకే సికమోర్ దుంగలో రెండు వైపులా ఇద్దరు. అందరూ అద్దంలో రెండో బొమ్మ చూసి ముందుకు వెళ్లిపోతారు. మీరు బట్టల మడతల లోతు, వేళ్ల చివర్లు చూడండి. అక్కడే యూరోపియన్ ఫర్నిచర్ కూడా ఉంది. ప్యారిస్‌లో ఉన్నవారికి ఓర్సే మ్యూజియం, అలంకార కళల మ్యూజియం అందుబాటులో ఉన్నాయి.

6. కాలం వేసిన గుర్తులు

చెక్క గీతలకు అడ్డంగా కుంచించుకుపోతుంది, పొడవునా దాదాపు మారదు. గుండ్రటి బల్ల పైపలకను రెండు దిశల్లో కొలవండి. పాతదైతే అడ్డంగా కొన్ని మిల్లీమీటర్లు తగ్గి ఉండాలి. చట్రంలో బిగించిన పలకల అంచున పాలిష్ తగలని సన్నని పట్టీ బయటపడి ఉండటం కూడా మంచి గుర్తు.

అరుగుదల, చేయి కాలు తగిలే చోటే ఉండాలి: సొరుగు జారే పట్టాలు, కుర్చీ చేతుల చివర్లు, తాళం చుట్టూ. ఎవరి చేయీ అందని పై అలంకారం మీద అరుగుదల ఉంటే కావాలని చేసింది.

పుచ్చు రంధ్రాలు చూసి "పాతదే" అని తేల్చేయకండి. పురుగు ఉపరితలం మీద గుండ్రటి చిన్న రంధ్రంతో బయటికి వస్తుంది. అలా కాకుండా, సొరంగాలు నిలువునా కోసినట్టు, కాలువల్లా ఉపరితలం మీద బయటపడి ఉంటే, పుచ్చిన పాత చెక్కను తర్వాత కోసి కొత్త వస్తువు చేశారన్నమాట. ఇది చాలా బలమైన సాక్ష్యం.

7. పాలిష్

19వ శతాబ్దపు మెరుపు ఎక్కువగా లక్క పాలిష్. ఆ లక్క మన దేశపు అడవుల నుంచి వెళ్లిందే. గది చీకటి చేసి అతినీలలోహిత టార్చి వేస్తే లక్క నారింజ రంగులో వెలుగుతుంది. టార్చి లేకపోతే, వస్తువు మీ సొంతమైతే, కనబడని చోట దూదిపుల్లతో ఆల్కహాల్ అద్దండి. జిగటగా కరిగితే లక్క. ఏమీ కాకపోతే ఆధునిక వార్నిష్ కావచ్చు.

ఈ పరీక్షకు ఎక్కువ బరువు ఇవ్వకండి. పాత వస్తువుకు కొత్త పాలిష్ వేస్తారు, కొత్త వస్తువుకూ లక్క వేయవచ్చు.

8. పైభాగం, కిందిభాగం ఒకదానివేనా?

రెండవ హెన్రీ శైలి భోజనశాల బీరువాలు రెండు ముక్కలుగా వస్తాయి. విరిగిన ఒకదాని పైభాగాన్ని ఇంకొకదాని కిందిభాగంతో కలిపి అమ్మడం పాత అలవాటు. పైభాగాన్ని దించి, కిందిభాగం పైపలక చూడండి. పైది నిలిచిన చోట చెక్క రంగు వేరుగా, దుమ్ము నీడ ఒకటి ఉండాలి. వెనక పలకల చెక్క, రంపం గీతలు రెండింటిలో ఒకటే కావాలి. అంచు పట్టీల ఆకృతి సరిపోవాలి. ఆకుల ఈనెలు చెక్కిన తీరు రెండింటిలో వేరైతే, ఇక చర్చ అక్కర్లేదు.

9. ముద్ర, చీటీ, తాళం: ఇప్పుడు చూడండి

1791లో ఫ్రాన్స్‌లో వృత్తి సంఘాలు రద్దయ్యాయి. అంతకుముందు ప్యారిస్ పనివారికి ముద్ర వేయడం నిబంధన. ఆ తర్వాత అది ఇష్టం. కాబట్టి 19వ శతాబ్దపు వస్తువు మీద ముద్ర లేకపోవడం దేనికీ సాక్ష్యం కాదు. గొప్ప పని చాలావరకు ముద్ర లేకుండానే ఉంది.

వెతకాల్సిన చోట్లు: కుర్చీ సీటు చట్రం లోపలివైపు, చలువరాయి కింద చట్రం పైఅంచు, సొరుగు పైఅంచు, తాళం పలక, కంచు అలంకారాల వెనకవైపు. ఫూర్దినువా, జాన్‌సెల్మ్, గెరే సోదరులు, మాజరో, క్రీగర్ లాంటి తయారీదారుల పేర్లు ఎదురవుతాయి. జపాన్, చైనా తరహా నగిషీకి గాబ్రియేల్ వియార్దో ప్రసిద్ధుడు. అతని వస్తువుల మీద సంతకం చెక్కి ఉండటం కద్దు. కంచు అలంకారాల వెనక తయారీదారుల గుర్తుగా బర్దెలేకు 'బి వై', లింక్‌కు 'ఎఫ్ ఎల్' అక్షరాలు కనిపిస్తాయి. లింక్ తాళాల మీద అతని పేరు, ప్యారిస్ అని ఉంటుంది.

ముద్ర దొరికితే భూతద్దంతో చూడండి. చెక్కలోకి కొట్టిన ముద్రలో గీతలు నలిగి, గుంట అడుగున కూడా పాత మురికి ఉండాలి. కాల్చినట్టు నల్లగా ఉన్నా, చుట్టూ తాజా చెక్క కనిపిస్తున్నా నమ్మకండి. 18వ శతాబ్దపు ప్రసిద్ధుల ముద్రలను తర్వాతి వస్తువుల మీద కొట్టడం ఎప్పటినుంచో ఉన్న మోసం. ఇంగ్లిషులో 'ఫ్రాన్స్' అని దేశం పేరు ముద్ర ఉంటే, 1891 నుంచి అమెరికా దిగుమతులకు అది తప్పనిసరైంది కాబట్టి, ఆ తర్వాత ఎగుమతైందని భావించవచ్చు.

10. లెక్క తేల్చండి

కాగితం మీద రంపం గీతలు, లోపలి చెక్క, అతుకులు, నగిషీ, అరుగుదల అని ఐదు వరుసలు రాయండి. ఒక్కోదాని ఎదుట అది సూచించే కాలం, దేశం రాయండి. కనీసం నాలుగు ఒకే మాట చెబితే నమ్మవచ్చు. ఒకటి ఎదురు తిరిగితే అది మరమ్మతా అని వెతకండి. పాత రంధ్రాలు, రంగు తేడా ఉంటే మరమ్మతే. రెండు ఎదురు తిరిగితే కొనకండి. మర్నాడు పగటి వెలుగులో మళ్లీ చూసి, అదే జవాబు వస్తుందా పోల్చుకోండి. మొదటిరోజు ఇష్టంతో చూస్తాం, రెండోరోజు కళ్లతో చూస్తాం.

ఎక్కువమంది చేసే పొరపాట్లు

బరువుగా ఉంటే పాతది అనుకోవడం. నగిషీ ఎంత ఎక్కువ ఉంటే అంత గొప్పది అనుకోవడం. నిజానికి గంపగుత్త పనిలోనే ఖాళీ లేకుండా నింపుతారు, మంచి పనివారు నునుపు భాగాన్ని కూడా వదులుతారు. చీటీలోని దుకాణం పేరును తయారీదారు పేరుగా భావించడం. మరమ్మతు చూడగానే నకిలీ అనేయడం. ఇంకొకటి, ధరను బట్టి నిజం నిర్ణయించడం: యూరప్‌లో ముదురు రంగు భారీ బీరువాల ధరలు కొన్ని దశాబ్దాలుగా పడిపోయాయి, అసలైన రెండవ హెన్రీ శైలి బీరువా కూడా చవకగా దొరకవచ్చు.

దూరం నుంచి కొంటుంటే

అమ్మేవారిని ఈ ఫొటోలు అడగండి: వెనక పూర్తిగా, సొరుగు అడుగు, సొరుగు మూల దగ్గరగా, పక్కవెలుగులో లోపలి పలక, ఒకే ఆకు కుడి ఎడమ, ఒక స్క్రూ తల, పురుగు రంధ్రాలు. మంచి వ్యాపారి విసుక్కోకుండా పంపుతాడు. వెనక ఫొటో పంపడానికి వెనకాడితే అక్కడితో ఆపేయండి. వేలంలో అయితే స్థితి నివేదిక అడగండి. 'శైలిలో' అన్న మాట ఉంటే అది ఆ కాలపుదని వారు హామీ ఇవ్వడం లేదన్నమాట.

రోజ్‌వుడ్ ఉందేమో ముందే అడగండి. బ్రెజిల్ రోజ్‌వుడ్ 1992 నుంచి అంతర్జాతీయ వ్యాపారంలో అత్యంత కఠిన నియంత్రణలో ఉంది, కాగితాలు లేకుండా సరిహద్దు దాటదు. దంతం పొదిగినదాని జోలికి వెళ్లకండి. భారత్‌లో ఉన్న వందేళ్లు దాటిన వస్తువును విదేశాల్లోని పిల్లలకు పంపాలనుకునేవారు ముందుగా పురావస్తు శాఖను సంప్రదించాలి. 1972 నాటి పురావస్తువుల చట్టం ఎగుమతికి అడ్డు వస్తుంది.

ఇంటికి వచ్చాక

మొదటి రెండు వారాలు మిగతా చెక్క సామానుకు దూరంగా ఉంచి, కింద నల్లకాగితం పరవండి. కాగితం మీద తాజా పొడి రాలితే పురుగు బతికే ఉంది. పిచికారీ మందులు కొట్టకుండా, వస్తువును ప్లాస్టిక్‌తో చుట్టి, చెక్క సంరక్షణ తెలిసినవారిని పిలవండి. మన నేలమీద చెదల భయం కూడా ఉంది కాబట్టి గోడకు ఆనించకండి, కాళ్ల దగ్గర నెలకోసారి చూడండి.

నగిషీ దుమ్మును మెత్తని వెంట్రుకల కుంచెతో పైనుంచి కిందికి దులపండి. వాక్యూమ్ మూతికి పలచని గుడ్డ కట్టి పక్కనే పట్టుకుంటే, విరిగిన చిన్న ముక్క ఉన్నా లోపలికి పోదు. తడిగుడ్డ వద్దు. కొబ్బరినూనె, అవిసెనూనె, కిరోసిన్ ఏవీ వద్దు. అవి నగిషీ లోతుల్లో దుమ్ముతో కలిసి నల్లని బంకగా గడ్డకడతాయి. ఏడాదికోసారి తేనెమైనం పలచగా, నునుపు భాగాలకు మాత్రమే పట్టించి మెత్తని గుడ్డతో తుడవండి. బంగారు రేకు ఉన్నచోట ఏదీ పూయకండి.

ప్యారిస్ గాలిలో వందేళ్లకు పైగా ఉన్న చెక్క విశాఖ తేమకు ఉబ్బుతుంది, ఏసీ గది పొడికి పగులుతుంది. గాలి తేమ యాభై శాతం దగ్గర, పెద్దగా ఒడిదుడుకులు లేకుండా ఉంటే మంచిది. తేమ చూపే చిన్న మీటరు ఒకటి బీరువా లోపల పెట్టండి. ఏసీ గాలి నేరుగా తగిలే చోట, పడమటి ఎండ పడే కిటికీ పక్కన పెట్టకండి. మొదటి ఏడాది వర్షాకాలంలో తలుపు బిగుసుకుంటే వడ్రంగిని పిలిచి చిత్రిక పట్టించవద్దు. ఎండాకాలం వచ్చేసరికి ఆ తలుపు మళ్లీ మామూలుగా మూసుకుంటుంది, చిత్రిక పట్టిన అంచు మాత్రం తిరిగి రాదు.